చేపల గద్ద అన్నందుకు

ఇరవై ఆరేళ్లుగా యోతాముది ఒకటే వరస. తెల్లవారకముందే లేచి, ఉడకబెట్టిన చిలగడదుంపతో టీ తాగి, పిట్టల్ని చూడ్డానికి వచ్చినవాళ్లను జీపులో లువాంగ్వా నది వెంబడి తిప్పి, ఎండ ముదిరేలోపు వెనక్కి తీసుకొచ్చేవాడు. అతను ఏ పేరు చెబితే ఆ పిట్ట అదే అయ్యేది. పొరపాటున లకుముకిని పాలపిట్ట అన్నాడంటే, పాపం అది పాలపిట్ట అయిపోయి ఎగిరిపోయేది. అతను గైడుగా పనిచేసే పార్కులో అందరికీ తెలిసిన సంగతే ఇది. అందుకే గైడ్ల పరీక్షలో అతనొక్కడి కోసం ఓ నిబంధన పెట్టారు. పరీక్షించేవాళ్లు ముందే పేరు రాసి పెట్టుకుని, ఆ తర్వాతే అతన్ని అడగాలి.

"ఆ నోరు మాకుంటేనా, మేనేజర్ని ఎప్పుడో కొంగను చేసి ఎగరగొట్టేవాళ్లం," అని తోటి గైడ్లు ఏడిపించేవాళ్లు.

కళ్లు బాగున్నన్నాళ్లూ ఇబ్బంది లేకపోయింది. శుక్లాలు ముదిరాకే చిక్కొచ్చి పడింది. మే నెలలో, మర్నాడు వెళ్లిపోబోతున్న ముసలి దంపతులిద్దరు చేపల గద్దను చూడనేలేదని ఒకటే బాధపడుతుంటే, నీళ్ల మెరుపులో నల్లగా ఏదో కదలడం చూసి, అదే కాబోలనుకుని, "అదుగో చేపల గద్ద," అనేశాడు. తీరా చూస్తే అది నత్తలు తిని బతికే నత్తగుల్ల కొంగ. మరుక్షణం దాని తల తెల్లబడింది, ముక్కు వంకర తిరిగింది. దంపతులు మురిసిపోయారు. కొంగ బతుకు మాత్రం అన్యాయమైపోయింది. చేపను పట్టడం దానికి రాదు, గుల్ల తెరవడానికి ఆ ముక్కు పనికిరాదు. చేసిన తప్పు యోతామును నిద్రపోనివ్వలేదు. దాని పేరు దానికి ఇచ్చేద్దామని ఎంత వెతికినా మళ్లీ కనబడలేదు. అప్పట్నుంచీ సరిగ్గా పోల్చుకోలేనిదానికి పేరు చెప్పడం మానేశాడు.

సెప్టెంబరులో అతన్ని పరీక్షించడానికి జెలిపా వచ్చింది. ఒకప్పుడు అతని దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఇరవై పిట్టల్లో పదహారు చెప్పాలి, లేకపోతే లైసెన్సు పోతుంది. కూత వినబడ్డవాటినల్లా తడుముకోకుండా చెప్పాడు. కూయని నాలుగింటికి తనూ నోరెత్తలేదు. పందొమ్మిది అయ్యేసరికి పదిహేను వచ్చాయి.

జెలిపా ఎండిపోతున్న ఓ మడుగు పక్కన జీపు ఆపి, కాగితం మీద రాసి మడిచింది.

"ఇది చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు బాబాయ్. తెల్ల తల, నల్ల రెక్కలు. కాస్త చూసి చెప్పు."

యోతాము చూశాడు. జీపుకు బాగా దగ్గర్లోనే తెల్లటి మచ్చ. చెట్టు మీద కాదు, బురదలో. గుల్లను ముక్కుతో పొడిచి పొడిచి వదిలేస్తున్న చప్పుడు వినబడుతోంది. ఏ గద్దా ఆ పని చేయదు.

"చెప్పు బాబాయ్," అంది జెలిపా గొంతు తగ్గించి. "నా చేత నీ లైసెన్సు కొట్టేయించకు."

"నువ్వేం రాశావో తెలుసమ్మా. నాకోసమే వెతికి వెతికి ఇక్కడ ఆపావనీ తెలుసు."

"మరింకేం?"

"నాలుగు నెలల్నుంచీ అది పస్తులుంటోంది."

ఆమె ఇంకో మాట అనేలోపే, "నత్తగుల్ల కొంగ," అన్నాడు.

జెలిపా కాగితం విప్పి, తన రాత తనే చూసుకుంది. తర్వాత గీత కొట్టింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం పోయిందని ఆ పెన్ను చప్పుడుతోనే యోతాముకు అర్థమైంది. అయినా మొహం మడుగు వైపు నుంచి తిప్పలేదు.

"తింటోందా?" అని అడిగాడు.

ఆమె కళ్లు తుడుచుకుని దుర్భిణి ఎత్తింది.

"తింటోంది బాబాయ్. అప్పుడే రెండోది."