లోపలి గుడ్డ

మైనం ముద్ద మీదుగా దారాన్ని లాగి, కొన నోట్లో తడిచేసి, సూదిబెజ్జంలోకి దూర్చబోయి తప్పింది సూదక్క. మళ్ళీ తప్పింది. "ఏం, నీకూ ఇవాళే పొగరెక్కాలా?" అని సూదిని కసిరి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, వట్టి కళ్ళతో ఎక్కించింది.

పాత కార్లను బాగుచేసి కొత్తవాటిలా నిలబెట్టే ఆ షెడ్డులో ఆమెది కిటికీ పక్క మూల. పొడుగుబల్ల, తోలు కుట్టే మిషను, సుద్దముక్కల రేకుడబ్బా, వంకరసూదులు గుచ్చిన చిన్న దిండు. ఒక పక్క నుంచి సొట్టలు తీసేవాళ్ళ సుత్తి చప్పుడు, ఇంకో పక్క నుంచి పెయింటు వాసన. రెండూ ఎంత అలవాటైపోయాయంటే, సెలవు రోజున ఇంట్లో ఆమెకు ఏమీ తోచదు. సూదిని నెట్టీ నెట్టీ కుడి బొటనవేలు చదునుగా అణిగిపోయింది. జుట్టు ముప్పాతిక నెరిసింది. మాట తక్కువ, విసురు ఎక్కువ. అసలు పేరు షెడ్డులో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. సూదక్క అన్నారు, పలికింది.

ఇవాళ బల్ల మీద ఉన్నది డ్రైవరు సీటు. పక్క సీటు కుట్టడం, కారులో బిగించడం నిన్ననే అయిపోయాయి. ఇదొక్కటీ ముగిస్తే సాయంత్రం బండి యజమాని వచ్చి తీసుకుపోతాడు.

బల్లకి ఆవల నిలబడి ఉంది కారు. పగవాడి సొమ్మయినా ఒప్పుకోవాలి, అందమంటే దానిదే. నేలకి ఆనుకుని పడుకున్నట్టుండే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ముదురాకుపచ్చ ఒళ్ళు, పొడవాటి ముక్కు, గుండ్రటి దీపాలు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ కప్పు. పుట్టి ముప్పై ఏళ్ళు దాటినా, ఊళ్ళో ట్యాక్సీ ఒక్క ఏడాదిలో తిరిగేటంత దూరం కూడా తిరగలేదు. షెడ్డు నడిపే మేస్త్రికి ఆ మీటరు చూసినప్పుడల్లా కళ్ళు చెమ్మగిల్లుతాయి.

"తక్కువ తిరిగిన బండి అక్కా! ఇంజను ఇంకా పసిపిల్లే. ఇలాంటిది మళ్ళీ మన చేతికొస్తుందా?" అంటాడు.

"రాదు" అంటుంది సూదక్క.

అది ఎందుకంత తక్కువ తిరిగిందో ఆ షెడ్డులో తెలిసినది ఆమెకొక్కతెకే.

ఆమె మొగుడు ఆ కారున్న ఇంట్లో డ్రైవరు. నడిపింది ఇంటివాళ్ళ పెద్దకారు. దీన్ని తుడవడం వరకే అతని వంతు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆమె క్యారియరు తీసుకెళ్తే, గరాజు తలుపు సందులోంచి చూపించాడు. ఎప్పుడైనా ఎక్కావా అని ఆమె అడిగితే పకపకా నవ్వాడు.

"ఎక్కడమా తల్లీ! తుడవాలన్నా చెప్పులు బయట విప్పాలి. ఆ వెన్నరంగు తోలు మీద అయ్యగారే ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు." మళ్ళీ సందులోంచి చూస్తూ, "ఒక్కసారి అందులో వెనక్కి జారగిలబడి గేటు దాటి వెళ్తే చాలే. ఇంకేం అక్కర్లేదు" అన్నాడు.

అన్నవాడు మర్చిపోయి ఉంటాడు. ఆమె మర్చిపోలేదు.

ఒక మధ్యాహ్నం గరాజు కిటికీకి కొత్త అద్దం బిగిస్తుంటే అది జారి అతని చంక కింద దిగబడింది. పెద్దకారు మరమ్మతుకెళ్ళింది. ఇంట్లో ఉన్నది ఈ కారొక్కటే, తాళం అయ్యగారి జేబులో. ఆ ఇంటి వంటావిడ తువ్వాలు అదిమిపట్టి, "అయ్యగారూ, దీంట్లో ఎక్కించండి, మీకు దణ్ణం పెడతాను" అని మొత్తుకుంది. ఆయన నెత్తురు వంక చూశాడు, కారు వంక చూశాడు. "సీట్లు..." అన్నాడు. అని, "ఫోన్ చేశాను, వ్యాను వస్తోంది" అన్నాడు. వ్యాను రానే వచ్చింది. అప్పటికి కారు చక్రం పక్కనే గచ్చు మీద ఆ మనిషి అయిపోయాడు. ఇదంతా సూదక్కకి వంటావిడ చెప్పింది, చెబుతూ తన చేతులు తనే చూసుకుంది.

ఆ తర్వాత అందరిదీ ఒకటే మాట. ఆయన చెడ్డవాడు కాదమ్మా, వెంటనే ఫోన్ చేశాడు కదా. నిజమే, చెడ్డవాడైతే ఎంత బాగుండేది! నోరారా నాలుగు శాపనార్థాలు పెట్టి కడుపుమంట చల్లార్చుకునేది. తోలుకి మరకవుతుందని మనిషిని వదిలేసిన మంచివాణ్ణి ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో జాకెట్లు కుట్టే చేత్తోనే ఈ షెడ్డులో సీట్లు కుట్టడానికి చేరింది. సీట్లే! తల్చుకుంటే నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

కారు లారీ మీద షెడ్డులోకి దిగిన రోజు ఆమె దాన్ని ఇట్టే గుర్తుపట్టింది. ఇప్పుడు పెద్దాయనైన ఆ అయ్యగారు దాన్ని తనకు నచ్చినట్టు మార్పించుకుంటున్నాడని మేస్త్రి చెప్పాడు. స్టీరింగుకి తోలు తొడగాలి, గేరు పిడికి నున్నటి చెక్క పెట్టాలి, సీట్ల తలాపున ఆయన పొడి అక్షరాలు రెండు దారంతో కుట్టాలి. ముఖ్యంగా ఆ వెన్నరంగు తోలు మొత్తం తీసేసి ముదురు ఎరుపు వెయ్యాలి. సూదక్క తోలు చుట్ట విప్పి చూసి, మళ్ళీ చుట్టేసింది. ఎండిపోయిన నెత్తురు ఏ రంగులో ఉంటుందో ఆమెకి తెలుసు. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంది.

మొదట సూది అనుకుంది. సీటు మెత్తలో వంకరసూది ఒకటి మొన పైకి పెట్టి కుట్టేస్తే, బండి కదిలినప్పుడల్లా స్ప్రింగుల ఊపుకి అది మెల్లగా పైకి జరుగుతుంది. ఏదో ఒక రోజున వీపులో దిగుతుంది. ఆ ఆలోచనతో వారాల తరబడి హాయిగా నిద్రపోయింది. తర్వాత తనే కొట్టిపారేసింది. దయతో కాదు. సూది గుచ్చుకుంటే అబ్బా అంటాడు, తీయిస్తాడు, మందు రాసుకుంటాడు, అక్కడితో సరి. ఇన్నేళ్ళ మంటకి ఒక్క అబ్బా ఏ మూలకి?

పన్నెండు కొట్టాక అందరూ అన్నాలకి లేచారు. సూదక్క తన క్యారియరు సంచి తెరిచి, క్యారియరు కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో లేతనీలం చొక్కా. మొగుడు పోయిన రోజు ఆమె చేతికిచ్చింది ఇచ్చినట్టే ఉంచింది, ఒక్కసారి కూడా తడపలేదు. చంక కింద చీలిక. ఆ చీలిక నుంచి ముందు భాగమంతా ఎరుపు నల్లబడ్డ మరక, గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది.

తోలుకీ మెత్తకీ మధ్య ఏదో ఒక పాతగుడ్డ పరవడం ఆ పనిలో మామూలే. లేకపోతే కూర్చున్నప్పుడల్లా తోలు కిర్రుమంటుంది. దాన్ని లోపలి గుడ్డ అంటారు. తోలు బిగించాక ఇక దాన్ని ఎవరూ చూడరు.

చిన్నకత్తెర తీసుకుని ముందు గుండీలు కోసింది. ఒక్క గుండీ మిగిలినా తోలు మీద బొడిపెలా తేలుతుంది. రెండో గుండీ దగ్గర చెయ్యి ఆగింది. అది నల్లదారంతో కుట్టి ఉంది. నీలం దారం అయిపోతే ఆ రోజు పొద్దున ఆమే గబగబా కుట్టింది. "అయ్యగారు చూస్తే నవ్వుతాడే" అన్నాడు. "ఆయన కారుని తప్ప ఇంకేం చూస్తాడులే, వెళ్ళు" అంది. అదే ఆఖరి మాట. దాన్నీ కోసి, మిగతావాటి పక్కన బల్ల మీద పెట్టింది.

చొక్కాని సీటు అడుగున పెట్టడానికి మనసొప్పలేదు. వాడి కిందా తన మొగుడు ఉండేది? వీపు ఆనే చోట పరిచింది, మరక పైకి వచ్చేలా. చొక్కా చేతులు రెండూ సీటు పక్కల ఎత్తుల మీదుగా ముందుకి తిప్పి, పోగులతో టాకాలు వేసింది. ఇక తోలు కప్పబోతుంటే వెనక నుంచి మేస్త్రి గొంతు వినబడింది.

"ఏంటక్కా అది, చొక్కానా?"

సూదక్క తోలు అంచు సర్దుతూనే ఉంది.

"లోపలి గుడ్డ."

"మన దగ్గర కొత్త కోరాగుడ్డ ఉంది కదా!"

"కొత్తది బిరుసు. ఉతికి ఉతికి మెత్తబడ్డదైతే తోలు చప్పుడు చెయ్యదు."

మేస్త్రి వంగి చూశాడు. "ఈ మరకేంటి, ఇంజనాయిలా?"

"తమ్ముడూ, నీ పెయింటు పనికి నేనెప్పుడైనా అడ్డొచ్చానా?"

"అబ్బో, పొరపాటైంది తల్లీ!" అని చేతులెత్తి దణ్ణం పెట్టి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. సూదక్క తోలు లాగి, దాన్ని చట్రానికి పట్టి ఉంచే రింగులు పటకారుతో ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వచ్చింది. ప్రతి నొక్కుకీ పళ్ళు బిగించింది. అయ్యాక అరచేత్తో ఈ చివరి నుంచి ఆ చివరికి రాసి చూసింది. ముడత లేదు, బొడిపె లేదు. తలాపున తను కుట్టిన ఆయన అక్షరాలు తళతళలాడుతున్నాయి. ఆ కింద ఎవరున్నారో తోలుకి తెలుసు, ఆమెకి తెలుసు.

సీటు కారులో బిగించాక, ఎండ వాలే వేళకి వచ్చాడు పెద్దాయన. చేతికర్ర, ఇస్త్రీ నలగని చొక్కా, పలచబడ్డ మనిషి. ఆమె ఇన్నేళ్ళూ మనసులో కొడుతూ వచ్చినవాడు ఇంతకన్నా లావుగా ఉండేవాడు. కారు చుట్టూ తిరిగి, సీటు మీద వేలితో మెల్లగా రాసి, "దీని మీద ప్లాస్టిక్ కవరు వేసివ్వండి, తీయొద్దు" అన్నాడు.

సూదక్కకి ఒళ్ళు మండిపోయింది. కవరు మీద కూర్చుని పోతాడా? దీనికోసమా ట్రంకుపెట్టె ఖాళీ చేసింది?

"ఒక్కసారి ఊరికే కూర్చోండి సార్. వీపు కొలత సరిపోయిందో లేదో చూడాలి" అంది ముందుకొచ్చి.

"నువ్వేనా అమ్మా కుట్టింది?" ఆయన ప్యాంటు దులుపుకున్నాడు. అలవాటు కాబోలు, చెప్పులు విప్పాడు. ఒక్కో కాలే లోపల పెట్టి కూర్చుని, మెల్లగా వెనక్కి ఆనాడు. పూర్తిగా ఆనాడు. సూదక్క ఊపిరి వదిలింది.

"భలే ఉందే! రెండు పక్కలా ఎవరో పట్టుకున్నట్టుంది."

"అలాగే ఉండాలి సార్."

ఆయనకి హుషారొచ్చింది. "ఆ పాత వెన్నరంగుతో జీవితమంతా భయమేనమ్మా. ఎవర్నీ ఎక్కించలేదు, నేనూ తిరగలేదు. ఇక తిరుగుతాను. ఈ రంగైతే మరక పడినా కనబడదు."

ఆ మాట సూదక్క చెవిలో పడింది, అక్కడి నుంచి ఎక్కడికి పోవాలో తెలియక లోపలంతా తిరిగింది.

"అప్పుడే మార్పించుకోవాల్సింది సార్" అంది.

"ఎప్పుడు?"

"మీ డ్రైవరుకి గాజు కోసుకున్నప్పుడు."

ఆయన చేతులు స్టీరింగు మీద ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి. ఆమె మొహంలోకి చూశాడు. మొదటిసారి చూశాడు.

"ఫోన్ చేశానమ్మా. వ్యాను వస్తుందన్నారు."

"చేశారు సార్."

"నేను..."

"బాగా ఆనుకుని కూర్చోండి. ఇక భయం లేదు. దీనికి కొత్తగా అంటుకునే మరకేం లేదు."

చొక్కా సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. పళ్ళ వెనకే ఆపింది. చెబితే రేపే విప్పించి పారేస్తాడు, తలస్నానం చేసి తేలికపడతాడు. తేలికపడనివ్వదు. ఏ పక్క నుంచి పట్టుకుంటోందో తెలియని పట్టులో బతికినన్నాళ్ళూ కూర్చోవాలి.

ఇంజను స్టార్టయింది. మేస్త్రి చప్పట్లు కొట్టాడు, పెయింటరు ఈల వేశాడు. పెద్దాయన ఎవరి వంకా చూడకుండా, చెప్పులు తొడుక్కోకుండానే బండి కదిలించాడు. కారు షెడ్డు నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి గేటు వైపుకి వెళ్ళింది. సూదక్క గుమ్మం దాకా వచ్చి నిలబడింది. గేటు దాటింది కారు.

అప్పుడు తట్టింది ఆమెకి. పగబట్టి పంపింది సరే. పంపింది ఎవర్ని?

"వెళ్ళావా" అంది, పైకే. "ఎక్కించుకోనన్నాడుగా, ఎక్కావుగా. వెళ్ళు." ఇంటికెళ్తే ట్రంకుపెట్టెలో ఇక తెరిచి చూసుకోవడానికి ఏమీ లేదు. పగ తీరాక అక్కడ ఇంత ఖాళీ పడుతుందని తెలియదు. తెలిసినా అలాగే కుట్టేది. క్షమించడం ఆమె వల్ల కాదు, అయిందని అబద్ధమాడడం అసలే కాదు.

"పెద్దాయనేంటక్కా, చెప్పులొదిలేసి పోయాడు?" అన్నాడు మేస్త్రి.

"వస్తే ఇవ్వు. నేను వెళ్తున్నా, తల నొప్పిగా ఉంది" అని కళ్ళు తుడుచుకుని, క్యారియరు సంచి భుజాన తగిలించుకుని ఆమె వెళ్ళిపోయింది. సంచి తేలిగ్గా ఉంది.

మేస్త్రి కిటికీ మూసి, దీపాలు ఆర్పుకుంటూ ఆ మూల దాకా వచ్చాడు. బల్ల మీద సుద్దముక్కల డబ్బా పక్కన చొక్కా గుండీలు వరసగా ఉన్నాయి, రెండోదానికి నల్లదారం ఇంకా వేలాడుతోంది.