నూట పద్దెనిమిది అడుగుల గీత

నాలుగో స్క్రూను వేలి కొనతో రవంత తిప్పేసరికి గాజు గొట్టంలోని బుడగ నడిమికి వచ్చి నిలబడింది. మొగులప్ప వంగి లెవెల్ యంత్రానికి కన్ను ఆనించాడు. ఇరవై రెండేళ్లుగా అలా ఆనించీ ఆనించీ ఆయన కుడికన్ను చుట్టూ ముడతలు పడ్డాయి. ఎడమకన్ను మామూలుగా ఉన్నప్పుడు కూడా సగం మూసుకునే ఉంటుంది. వంగి నిలబడే మనిషి కాబట్టి మెడ వెనుక భాగం ఎండకు కాలి, వక్కపొడి రంగుకు తిరిగింది.

"పట్టె వంకరుంది బిడ్డా, జర నిలవెట్టుండ్రి" అని కేకేశాడు. దూరాన కొలత పట్టెను పట్టుకున్న విద్యార్థులు దాన్ని సరిచేశారు.

పట్నంలోని ఇంజనీరింగు కాలేజీ నుంచి ప్రతి జనవరిలో మూడో ఏడు విద్యార్థులు సర్వే క్యాంపుకు వికారాబాదు వస్తారు. స్టేషనుకు దగ్గర్లో, అనంతగిరి గుట్టల కింద గుడారాలు వేస్తారు. మొగులప్ప వాళ్లకు సర్వే నేర్పే డెమాన్‌స్ట్రేటరు. ఆయనకు డిగ్రీ లేదు. మర్పల్లి దిక్కున వాగుగడ్డ అనే ముప్పై రెండు ఇళ్ల పల్లెలో పుట్టి, పదహారో ఏట నిజాం సర్కారు తరఫున భూములు కొలిచే బందోబస్తు వాళ్లకు కొలత గొలుసు మోశాడు. ఉర్దూ అంకెలు వాళ్ల పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాడు, ఇంగ్లీషు అంకెలు కాలేజీలో విద్యార్థుల వెనుక నిలబడి నేర్చుకున్నాడు. ఆయన అంగ కచ్చితంగా రెండున్నర అడుగులు. ఎక్కడికి నడిచినా, పెండ్లికి పోయినా, పీనుగు వెంట పోయినా, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. పెండ్లాం పోయినప్పుడు ఇంటి నుంచి కాటికి పదకొండు వందల నలభై అడుగులని ఆయనకు తెలిసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

లెక్చరరు చంద్రశేఖర్ చుట్ట చుట్టిన కాగితంతో గట్టు దిగి వచ్చాడు. ఎనిమిదేళ్ల కింద అతను కూడా ఈయన దగ్గరే పట్టె పట్టుకున్నాడు.

"సార్, మీకో మంచి వార్త. రాత్రి మీరు పడుకున్నాక ప్రాజెక్టు ఇంజనీరుగారు వచ్చి వెళ్లారు. మన పిల్లలు మూడేళ్లుగా తీసిన లెవెల్సు, ఈ ఎత్తుల లెక్కలన్నీ చూసి చాలా మెచ్చుకున్నారు. వాటితోనే చెరువు ప్లాను గీశారు."

"ఏ చెరువు సార్?"

"వాగు మీద కట్టేది. ఇదిగో."

కాగితాన్ని పెట్టె మీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. వాగుకు అడ్డంగా నల్లటి కట్ట. కట్ట వెనుక నీలి సిరాతో ఒక గీత వంకరలు తిరుగుతూ గుట్టల చుట్టూ పోయి మళ్లీ కట్టను కలుసుకుంది. గీత మీద 118 అని రాసి ఉంది. చెరువు నిండితే నీళ్లు ఆ గీత దాకా వస్తాయి.

మొగులప్ప గీత వెంట వేలు పోనిచ్చాడు. ఆ వంకరలన్నీ ఆయనకు తెలుసు. ఒక్కొక్క చుక్క దగ్గర ఆయనే నిలబడ్డాడు. వేలు గీతకు లోపల ఒకచోట ఆగింది. అక్కడ కాగితం మీద ఏమీ లేదు. వాగుగడ్డ పేరు ఎవరూ రాయలేదు.

"సార్, గిది మా ఊరు" అన్నాడు.

చంద్రశేఖర్ మొదట నవ్వబోయాడు. ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. పలుచటి ఎండలో మొగులప్ప పెదవుల రంగు పోయింది. చేయి మాత్రం కాగితం మీద అట్లాగే ఉంది, ఎవరో మేకు కొట్టినట్టు.

"ఇవాళ స్టేషను కాడి గుర్తు నుంచి వాగుగడ్డ దాక మళ్ల లెవెల్ పట్టుకపోత" అన్నాడు చివరికి. "మళ్ల వాపసొస్త. యాడనో తప్పు పడ్డట్టుంది."

ఇరవై రెండేళ్లలో తన లెవెల్లో తప్పుందని ఆయన అనడం చంద్రశేఖర్ ఎప్పుడూ వినలేదు.

స్టేషను గోడ మీది గుర్తును నూట యాభై అడుగుల ఎత్తు అనుకుని బయలుదేరారు. రెండున్నర మైళ్లు. ప్రతి మూడు వందల అడుగులకు యంత్రం దించడం, బుడగ సరిచూడడం, వెనక్కి ఒక కొలత, ముందుకు ఒక కొలత. కంది చేలలో కోత నడుస్తోంది. జొన్న చేల మీద పిచ్చుకలు లేస్తున్నాయి. ప్రతి కొలతా ఆయనే చూశాడు, విద్యార్థుల్ని చూడనివ్వలేదు. ఒక్కొక్క దాన్ని రెండుసార్లు చదివాడు. ఊరు ఆ గీతకు పైన తేలాలంటే ఎక్కడైనా పదడుగులు ఎక్కువ రావాలి. ఒక్కచోట, ఏ పుణ్యాత్ముడో పదకొండును ఒకటిగా రాసి ఉండాలి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వాగుగడ్డ చేరారు. ఆయన చెల్లెలు శాంతవ్వ ఇంటి ముందు మెట్టు రాయి మీద మూడేళ్ల కింద ఎత్తు కొలవడానికి ఆయనే ఉలితో చెక్కిన బాణం గుర్తు ఉంది. అన్న చెక్కిన గుర్తు గనుక ఆమె శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాస్తుంది. విద్యార్థులు పట్టెను ఆ పసుపు మీద నిలబెట్టారు.

మొగులప్ప కొలత చూసి, పుస్తకంలో తీసివేత వేశాడు. నూట ఎనిమిది పాయింట్ నాలుగు ఒకటి. మూడేళ్ల కింద వచ్చింది కూడా నూట ఎనిమిది పాయింట్ నాలుగు ఒకటే.

శాంతవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. "గీ ఏడు గూడ అదే కొలుసుడా అన్నా? ఎన్నిసార్లు కొలిస్తే మాత్రం రాయి పెరుగుతదా?"

ఆయన చెంబు అందుకోలేదు.

"వాగు మీద చెరువు కడ్తున్నరు చెల్లె."

ఆమె ముఖం విప్పారింది. "నిజమా! ఇగ మన చేన్లకు నీళ్లొస్తయా?"

"చేన్లకు గాదు. ఇంట్లకొస్తయి."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన లేచి పట్టె దగ్గరకు పోయాడు. పద్నాలుగు అడుగుల పట్టె మీద చేయి పైకెత్తి, మునివేళ్ల మీద లేచినా అందక, యంత్రం పెట్టె మీదికి ఎక్కి, తొమ్మిదిన్నర అడుగులు దాటిన చోట వేలు ఆనించాడు. ఆ వేలు ఇంటి చూరుకన్నా ఎత్తున ఉంది.

"గీడి దాక."

శాంతవ్వ వేలిని చూసింది. వేలి కింద తన గడప, గడప లోపల పొయ్యి, పొయ్యి మీద మూత వేసిన కుండ. పట్టె పట్టుకున్న విద్యార్థులు కూడా తలెత్తి వేలినే చూస్తుంటే పట్టె కొంచెం ఊగింది. ఈసారి మొగులప్ప సరిగ్గా నిలబెట్టమని చెప్పలేదు.

"నువ్వే కొలిసినవా అన్నా?"

"నేనే కొలిసిన."

"సరిగ్గ కొలిసినవా?"

"సరిగ్గనే కొలిసిన."

ఆమె చెంబును మెట్టు మీద పెట్టి కూర్చుంది. "అయితే ముందుగాల అన్నం తిను" అంది. ఆయన తినలేకపోయాడు.

తిరుగుదారిలోనూ ఆయనే కొలతలు చూశాడు. స్టేషను గోడ దగ్గరికి వచ్చేసరికి తాండూరు పోయే ప్యాసింజరు కూత వేస్తోంది. ఐదు మైళ్లు తిరిగొచ్చి మొదటి గుర్తు మీదే మళ్లీ కొలిస్తే తేడా అంగుళంలో పావు వంతు. మామూలు రోజైతే విద్యార్థులు చప్పట్లు కొట్టేవాళ్లు.

చంద్రశేఖర్ పుస్తకం చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "సార్, లెవెల్సు మీద మాకు నమ్మకం లేదని కాలేజీ తరఫున రాస్తాను. మళ్లీ సర్వే చేయాల్సి వస్తుంది. ఏడాదైనా గడుస్తుంది."

"ఏడాదికి గూడ గంతే వస్తది సార్."

"అయినా..."

"తప్పని రాయకుండ్రి." ఆయన పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు. "గా పిల్లలు రేపు ఇంజనీర్లయితరు. సరిగ్గున్నదాన్ని తప్పని రాసుడు నా ముంగట నేర్సుకోవద్దు. ఆడ ముప్పై రెండిండ్లున్నయని రాయుండ్రి. కాయితం మీద ఊరు లేదు. అది రాయుండ్రి."

చంద్రశేఖర్ అప్పుడే, ఆయన ముందరే, ప్లాను మీద ముప్పై రెండు చిన్న చతురస్రాలు గీసి పక్కన ఊరి పేరు రాశాడు. మొగులప్ప వంగి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. తర్వాత పుస్తకం అప్పగించి తన గుడారంలోకి పోయాడు.

పొద్దున హాజరు పిలిచినప్పుడు ఆయన లేడు. దుప్పటి మడతపెట్టి ఉంది. తెల్లవారుతుండగా ఆయన వట్టి కాళ్లతో వాగు దిక్కు నడిచిపోవడం చూశామని స్టేషను దగ్గరి టీ కొట్టువాళ్లు చెప్పారు. క్యాంపు ముగిసినా రాలేదు. ప్రిన్సిపాలు రాసిన రెండు ఉత్తరాలకు జవాబు లేదు.

చెరువు కట్టారు. ముప్పై రెండు చతురస్రాలు కట్టను ఆపలేదు గానీ, ఇళ్లకు పరిహారం రావడానికి పనికొచ్చాయి. మూడో వానాకాలం చెరువు నిండినప్పుడు చంద్రశేఖర్ చూడబోయాడు. పల్లె మొత్తం గుట్ట మీదికి మారి ఉంది. ఇళ్ల స్థలాలన్నీ మొగులప్పే, నీళ్లు నింపిన రబ్బరు గొట్టంతో ఎత్తు చూసి కర్రలు పాతించాడని శాంతవ్వ చెప్పింది. అన్నిటికన్నా కింది ఇంటి గడపకు మూరెడు దిగువన నీళ్లు ఆగి ఉన్నాయి. ఆ ఇల్లు ఆయనదే. ఆయన మాత్రం, నీళ్లు రాకముందే, ఎండాకాలం చివర, పగలు మంచం మీద పడుకుని మళ్లీ లేవలేదట.

చంద్రశేఖర్ కాలేజీకి తిరిగొచ్చి పరికరాల గది తెరిపించాడు. ఆ జనవరిలో గుడారంలో మొగులప్ప మంచం కింద దొరికినవి అక్కడే, చివరి అరలో ఉన్నాయి. కాలేజీ ఇచ్చిన తోలు బూట్లు. మన్ను తుడిచి, తాళ్లు లోపలికి మడిచి, మడమలు రెండూ ఒక్క గీత మీదికి వచ్చేలా పెట్టినవి.