గుంత పూడిన రోజు

వాలు మీద మడమ నొక్కి చూశాడు. నేల కొంచెం దిగి ఆగింది. రెండడుగులు వేసి మళ్లీ నొక్కాడు. పొద్దుటినుంచి ఇదే పని.

అందరూ అతన్ని గుంతల మామ అంటారు. పాతికేళ్లు పొక్లెయిన్ నడిపి ఈ కంకర గుంత తవ్వింది అతనే. మెడ మడతల్లోని బూడిదరంగు ఎంత తోమినా పోదు. యంత్రం కుదుపులకు ఎడమ భుజం కిందికి జారింది. రెండుసార్లు చెబితే గానీ మాట వినపడదు. తనకు నచ్చనివే వినపడవని భార్య దెప్పుతుంది.

తవ్వకం మొదలైన నెలలో పైమన్ను గీకి అంచున గుట్టగా పోసిందీ అతనే. కంకర అయిపోయాక, రెండేళ్లుగా అడుగున రాళ్లు నింపి, పైన ఆ మన్నే పరుస్తూ వచ్చాడు. నిరుటి వానలకు సగం వాలు కొట్టుకుపోతే మళ్లీ పోశాడు. గడ్డి విత్తనాలు చల్లారు. గడ్డితోపాటు, ఎవరూ చల్లని ఊదారంగు పూలమొక్కలు కూడా లేచాయి. ఆ పూలను అతను తొలినెలలో యంత్రం బకెట్ పళ్ల కింద చూశాడు. ఇన్నేళ్లూ వాటి విత్తనాలు గుట్ట కడుపులో ఊపిరి బిగబట్టి కూర్చున్నాయన్నమాట.

ఇవాళ పశువులను తొలిసారి వదులుతున్నారు. గిట్టలు దిగబడినా, ఆవు మూతి పెట్టకపోయినా పని మళ్లీ మొదటికొస్తుంది. అందరికంటే ముందు పాలామె తన ఎర్రావును తోలుకొచ్చింది. కొత్తకోడలిగా ఈ నేల మీదే పశువులను కాసిన మనిషి. గుంత పడ్డాక పదేళ్లు అతనితో మాట్లాడలేదు.

"దిగబడిందంటే నువ్వే ఎత్తాలన్నా," అంది.

"ఎత్తుతాలే. ముందు దిగనీ."

ఆవు అంచున ఆగింది. వాసన చూసి చెవులాడించింది. ఒక కాలు పెట్టింది, ఇంకో కాలు. నేల మోసింది. తల వంచి, నాలుకతో గడ్డి చుట్టి లాగింది. పరపరమన్న ఆ చప్పుడు అతనికి మొదటిసారికే వినపడింది.

వంగి బూట్లు విప్పాడు. వట్టికాళ్లతో గడ్డిలోకి నడిచి, ఒకప్పుడు తన యంత్రం నాలుగంతస్తుల లోతున నిలబడిన చోట నిలబడ్డాడు. గడ్డి పిక్కలను తాకుతోంది. అతని కళ్లు చెమర్చడం పాలామె చూసి, ఆవు వైపు తిరిగింది.

"ఇది నేను చేసింది కాదు చెల్లెమ్మా," అన్నాడు. "మన్ను పరిచానంతే."

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చాడు. కొండ అవతల కొత్త గుంత మొదలవుతోందని, సోమవారం నుంచి అక్కడికి రమ్మని, తవ్వడంలో అతనికి సాటి ఎవరూ లేరని చెప్పాడు.

"నేను రాను సార్. ఇంక తవ్వలేను."

ఎందుకని అడిగితే, అతను ఆవు వంక చూశాడు.

"అది మేస్తోంది కద సార్."

సూపర్‌వైజరుకేమీ అర్థం కాలేదు. గుంతల మామ యంత్రం తాళంచెవి అతని చేతిలో పెట్టి, మెల్లగా వాలెక్కి ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం ఆవును మళ్లించుకుపోతూ పాలామె గడ్డి అంచున ఆగింది. బూట్లు రెండూ అక్కడే ఉన్నాయి, ఒకపక్కకు అరిగిపోయి, కుట్లనిండా కంకర పొడితో.