ఆకలైతలేదు

"మా రాహేలు చేతుల ఎంత పెట్టినా అండ్లనే ఇల్లు నడుపుతది పాస్టరమ్మా. సాల్తలేదన్న మాట ఇప్పటిదాంక నేను ఇనలే" అన్నాడు మా ఆయన డేవిడ్, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ.

పాస్టరు గారి భార్య ప్రేమలతమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "అయితే వచ్చే శనివారం స్త్రీల కూడికల నువ్వే మాట్లాడాలె రాహేలూ. అన్నీ పిరమైనయి. తక్కువ జీతంల ఇల్లు ఎట్ల ఎల్లదీయాల్నో మనోళ్లకు జర చెప్పు."

నాకు సంతోషమే కలిగింది, అబద్ధం ఎందుకు. పెళ్లయిన పదహారేళ్లలో నేను చేసేది కూడా ఒక పనేనని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

రెండేళ్ల కింద డేవిడ్ పనిచేసే పత్తి మిల్లులో పని తగ్గిందని జీతంలో కోత పెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన అన్న మాట ఒక్కటే, "జర చూసి నడుపు." అప్పటి నుంచి చూసి నడుపుతూనే ఉన్నాను. కాజీపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు, ఆయన, నేను, తొమ్మిదో తరగతి చదివే జ్యోతి, అత్తమ్మ. చీరలకు ఫాల్స్ కుట్టగా నాకు వచ్చేది జ్యోతి బడి ఫీజుకు పోతుంది. ఆయన ఖర్చులో కోత పెట్టే వీలు లేదు. "బయట నలుగుట్ల తిరిగేటోన్ని, ఒకరికి చాయ్ తాగిపియ్యకుంటే ఎట్ల?" అంటాడు. అత్తమ్మ ఖర్చులో అసలే లేదు. "షుగరున్న ముసల్దాన్ని, నాకు రాత్రికి రొట్టె తప్పది" అంటుంది. ఇద్దరి మాటా న్యాయంగానే వినిపించేది. మరి కోత ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సోమవారం పని తెమిలాక జ్యోతి పాత నోట్‌బుక్కు తీసుకుని చెప్పాల్సినవి రాయడానికి కూర్చున్నాను. బియ్యం అరగంట ముందు నానబెడితే గ్యాస్ కలిసొస్తుంది. నూనె క్యాన్‌తో ఒంపకుండా చెంచాతో కొలిచి పోయాలి. ఫ్రీ బస్సులో హనుమకొండ రైతుబజారుకు పొద్దుగూకే వేళకు పోతే, మూట కట్టుకునే వాళ్లు టమాటాలు సగం ధరకే ఇస్తారు. ఇట్లా పేజీ నిండింది. అయినా చెప్పాల్సింది ఇంకా ఉందనిపించింది. నా చాయ్‌లో పాలు మానేశాను. గుడ్లు ఆయనకు, జ్యోతికి వండి, నాకు పడవన్నాను. ప్యాడ్లు బిడ్డకు కొని నేను పాత చీర గుడ్డలు వాడుకుంటున్నాను. నెలనెలా పదిరోజులు రక్తం పోతుంటే డాక్టరు స్కానింగ్ రాసింది, మూడుసార్లు వచ్చే నెల చూద్దాం అనుకున్నాను. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలో ఉన్నది చూసి "ఆకలైతలేదు" అని మూత పెట్టేదాన్ని. ఇవి రాయడానికి చెయ్యి రాలేదు. రాసినవన్నీ కలిపినా నెలకు మిగిలేది కొంచెమే. ఇల్లు గడుస్తున్నదంతా రాయలేని వాటితోనే అని అప్పుడు తెలిసింది. అయినా నోట్‌బుక్కు మూసి పక్కన పెట్టాను.

గురువారం బడి నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున ప్రార్థనలో జ్యోతి కళ్లు తిరిగి పడిపోయిందట. పరుగెత్తుకుంటూ పోయి దవాఖానకు తీసుకుపోయాను. పరీక్ష చేయించి డాక్టరమ్మ కాగితం చూస్తూ, "రక్తం ఏడే ఉన్నది. బిడ్డ ఇంట్ల మంచిగ తింటలేదా?" అని అడిగింది.

"తింటది మేడం. బడికి కట్టిచ్చిన డబ్బా రోజూ ఖాళీగనే తెస్తది" అన్నాను. జ్యోతి గోడవైపు తిరిగింది.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "డబ్బల సగమే తింటున్న మమ్మీ. సగం ఇంటికి తెచ్చి అన్నం గిన్నెల కలుపుతున్న."

"ఎందుకు బిడ్డా?"

"రాత్రికి నీకు మిగులుతదని."

 ఈ మధ్య సాయంత్రాలు గిన్నెలో అన్నం ఎక్కువగా కనిపిస్తుంటే నా కొలత తప్పుతోందనుకున్నాను. అది తీసి తెల్లారికి చల్దికి పెట్టి, మర్నాడు గుప్పెడు బియ్యం తక్కువ పోశాను. గిన్నెలో తగ్గింది చూసి జ్యోతి ఇంకొంచెం మిగిల్చింది. నేను ఇంకొంచెం తగ్గించాను. పొదుపు కుదురుతోందని సంబరపడ్డాను కూడా. పద్నాలుగేళ్ల పిల్ల నోటి దగ్గర ముద్ద నా చేతులతో నేనే తీశాను. ఎవరూ తీయమనలేదు. చూపించింది నేను, చూసి నేర్చుకుంది ఆమె.

ఇంటికి వచ్చాక అత్తమ్మ, "ఆడిపిల్ల అన్నంక కండ్లు తిరుగుడు మామూలే. మేం సూడని రక్తాలా?" అంది. సాయంత్రం డేవిడ్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "బీట్‌రూట్ తినిపియ్యి" అన్నాడు.

శనివారం కూడికకు పోవద్దనుకున్నాను. అత్తమ్మే బయల్దేరదీసింది, కోడలు మాట్లాడుతుందని అందరికీ చెప్పుకుంది మరి. చాపల మీద ముప్పైమంది దాకా ఆడవాళ్లు. నోట్‌బుక్కు తెరిచి బియ్యం సంగతి, నూనె సంగతి చదివాను. కొందరు కాగితాల మీద రాసుకుంటున్నారు. వాళ్లు వంగి రాసుకోవడం చూసి చదవడం ఆపేశాను. ఇళ్లకు పోయి వీళ్లు నేను చెప్పినవన్నీ చేస్తారు, చాలదు. ఆ తర్వాత ఏం చేస్తారో నాకు తెలుసు.

"ఇవి రాసుకోకున్రి" అన్నాను. "వీటితోని ఏం మిగలది. నేను తినుడు బంద్ చేసిన, గందుకే మా ఇల్లు నడిసింది. నన్ను చూసి నా బిడ్డ గూడ బంద్ చేసింది. మొన్న బడిల పడిపోయింది. నా తెలివి గింతే అక్కా. ఇంకేం లేదు."

 వెనక వరుసలో చేపలమ్మే కట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాది గూడ గంతే బిడ్డా" అంది. ఇంకెవరో ముక్కు చీదారు. ప్రేమలతమ్మ గబగబా లేచి, "ప్రార్థన చేసుకుందాం" అంది. అందరూ తలలు వంచారు. అత్తమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మేం ఇల్లు చేరేసరికి డేవిడ్‌కు ఫోన్లు వచ్చేశాయి. వాకిట్లోనే నిలబడ్డాడు.

"మంది ముంగట నా ఇజ్జత్ తీసినవ్. నిన్ను తినొద్దని నేను ఎన్నడన్న అన్ననా?"

"అనలేదు. తిన్నవా అని గూడ ఎన్నడు అడుగలేదు."

ఆయన మొహం మారింది.  "మరి ఇల్లెట్ల నడవాలె?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. నాలో దాచిన జవాబు ఇంకా ఏదో ఉందన్నట్టు.

"నాకు తెలవది. నలుగురం కూసొని చూద్దాం. నాతోని మాత్రం ఇగ కాదు."

ఆయన బండి తీసుకుని వెళ్లిపోయాడు. అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దు ఇంకా గూకలేదు. అందరికీ సరిపోయేట్టు బియ్యం పోసి అన్నం వండాను, పప్పు చేశాను. ఈ లెక్కన బియ్యం ఇరవయ్యో తారీఖుకే అయిపోతాయి. ఆ తర్వాత ఏమవుతుందో నిజంగానే తెలియదు. ఆయన ఏ మొహంతో తిరిగొస్తాడో అదీ తెలియదు.

జ్యోతికి పెట్టి, నేనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. పిల్ల అన్నం ముట్టలేదు. నా కంచం వంక, నా చేతి వంక చూస్తోంది. రోజూ రాత్రి అనే మాట నోటి వరకూ వస్తే మింగి, ముద్ద కలిపి, ఆమె చూస్తుండగా నేనే ముందు తిన్నాను.