అదే చేయి, అదే ఈల

మా ఊరి ఆటల హాల్లో నా పని, వచ్చినవాళ్ళ కోట్లు అందుకుని కొక్కేలకు తగిలించి నంబరు బిళ్ళ చేతిలో పెట్టడం. లిథువేనియా చలిలో అదేమీ చిన్న పని కాదు. ఈ ఊళ్ళో ఎవరి ముఖమైనా మరిచిపోతానేమో గానీ, ఎవరి కాలరు చిరిగిందో, ఎవరి జేబులో పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉంటుందో మరిచిపోను. మా ఎదురింటి గెనుటే కోటు ఎప్పుడూ నా కుర్చీ వెనక కొక్కేనికే. అది తీసుకునే వంకతో ఆట అయ్యాక కాసేపు నా దగ్గర కూర్చునేది. ప్రతి ఆదివారం మా ఇంట్లో కాఫీ కూడా ఇద్దరిదీ కలిపే.

నా కూతురి కూతురు స్కైస్తే కిందటేడు దాకా బాస్కెట్‌బాల్ ఆడింది. మోకాలు పాడయ్యాక ఈల మెడలో వేసుకుని రిఫరీ అయింది. అప్పటినుంచి పాత స్నేహితురాళ్ళు దూరం జరిగారు. రేపు ఫౌల్ ఇవ్వాల్సిన మనిషితో ఇవాళ కూర్చుని తినడం ఏం బాగుంటుంది? నగరంలో ఒక్క గదిలో ఉంటుంది, ఫోన్ చేస్తే వెనకాల కెటిల్ చప్పుడు తప్ప ఇంకేదీ వినబడదు. రిఫరీలు ఇద్దరు ఉంటారు గదా, ఆ రెండోవాళ్ళతోనైనా కలిసిందా అంటే అదీ లేదు. శనివారానికో కొత్త మనిషి. ఒకసారి ఇద్దరూ బంతినే చూస్తూ ఉండిపోయారట, వెనక ఒక పిల్లాడి పెదవి పగిలింది. కొట్టింది ఎవరో ఇద్దరికీ తెలియదు.

చివరికి రొముల్దాస్ అనే పాత రిఫరీ తనతో కలిసి ఈల ఊదడానికి ఒప్పుకున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మాటలు తక్కువ. కొన్నాళ్ళు చూస్తానని, కుదిరితే జతగా ఉందామని, లేకపోతే మళ్ళీ పసిపిల్లల ఆటలకే పోవాలని చెప్పాడట. నేర్పింది కూడా ఒక్కటే. బంతి ఆటగాడి చేతికిచ్చే ముందు ప్రతిసారీ జతగాడి కళ్ళలోకి చూడాలి. అటువాడు తల ఊపాకే ఆట మొదలు. జతగా ఉండే సంగతి మా ఊరి ఆట అయ్యాక తేలుస్తానన్నాడని స్కైస్తే ఫోన్‌లో చెప్పింది. ఆ వారమంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ వచ్చారు. నా మనవరాలు నాకు కోటు అందించి, నంబరు బిళ్ళ తీసుకుని, అందరిలాగే "థాంక్సండీ" అంది. చుట్టూ మనుషులున్నారు మరి. చెంప నిమరబోయిన చేతిని నేను వెనక్కి తీసుకున్నాను.

మొదటి సగంలో మా ఊరివాడు మంత్విదాస్ బంతితో దూసుకుపోతుంటే అవతలి జట్టు కుర్రాడు వాడి నడుం మీద చెయ్యి వేశాడు. వేశాడంటే వేశాడు, అంతే. రొముల్దాస్ ఈల ఊదాడు. హాలంతా చప్పట్లు. మంత్విదాస్ గెనుటే మనవడు కాబట్టి అందరికంటే గట్టిగా కొట్టింది ఆవిడే.

విరామంలో రిఫరీల గదికి టీ పట్టుకెళ్ళేది నేనే. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల స్కైస్తే గొంతు వినబడింది.

"ఆ నడుం మీద చెయ్యి నేనైతే ఇచ్చేదాన్ని కాదండీ. మరీ తేలిక."

"ఊఁ. తప్పే చేశానేమో. ఇప్పుడేం చేద్దామంటావ్?"

టీ చల్లారిపోతోందని నా బెంగ.

"ఇచ్చేశారుగా," అంది చివరికి. "ఇంక ఇవాళంతా అది ఫౌలే."

నేను టీ పెట్టి వచ్చేశాను.

ఆట ఆఖరికి మా ఊరు ఒక్క పాయింటు ముందుంది. ఇంకాసేపట్లో అయిపోతుందనగా అవతలి కుర్రాడు బంతితో మలుపు తిరిగాడు. మంత్విదాస్ వాడి నడుం మీద చెయ్యి వేశాడు. అంతే తేలిగ్గా. ఈసారి దగ్గరున్నది స్కైస్తే. తలుపు సందులోంచి నాకు తన వీపు మాత్రమే కనబడుతోంది. ఊదకు తల్లీ అని నా మనసు. ఊదింది.

ఆ గోల ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తను చెయ్యి అలాగే పైకెత్తి, అంత గోలలోనూ దూరంగా ఉన్న రొముల్దాస్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. అప్పుడు బంతి ఇచ్చింది. ఆ కుర్రాడు ఫౌలుకి వచ్చిన రెండు ఫ్రీ త్రోలూ బుట్టలో వేశాడు. మేం ఓడిపోయాం.

కోట్ల కోసం జనం ఎగబడ్డారు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనుషులు బిళ్ళలు బల్ల మీద విసిరేసి, కోటు అందగానే తలుపు వైపు తిరిగారు. బేకరీ యజమాని మాత్రం ఊరుకోలేదు. "బ్రొనే, మనవరాలికి కళ్ళద్దాలు కొనిపెట్టు. డబ్బులు మేమే చందా వేసుకుంటాంలే." ఎవరూ నవ్వలేదు. గెనుటే నా వెనక కొక్కేనికున్న కోటు తనే చెయ్యి చాపి లాక్కుని, బొత్తాలు పెట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక గానీ రిఫరీలు బయటకు రారు. కొక్కేలన్నింటి మధ్య రెండే కోట్లు మిగిలాయి. రొముల్దాస్ తనది తొడుక్కుంటూ, చేతి తొడుగులు వెతుక్కుంటూ అన్నాడు. "వచ్చే శనివారం మందపాటి మేజోళ్ళు తెచ్చుకో అమ్మాయ్. అక్కడి హాల్లో కాళ్ళు గడ్డకడతాయి."

తేలుస్తానన్న సంగతి అలా తేల్చాడు. స్కైస్తే జిప్పు రెండుసార్లు తప్పుగా పెట్టుకుంది.

ఆయన కారు దగ్గరికి నడిచాడు. ఇంట్లో బంగాళాదుంప ముద్దలు ఉడకబెట్టాను, తిని పొమ్మని స్కైస్తేతో అన్నాను.

"వద్దు అమ్మమ్మా. గెనుటే బామ్మ కిటికీ ఎదురుగానేగా మన గుమ్మం. నేనెళ్ళిపోతాను, ఇక్కడ ఉండాల్సింది నువ్వు."

తలుపు దగ్గర ఆగి నా కళ్ళలోకి చూసింది. ఊరికే చూడటం కాదు, ఎదురుచూసింది. నేను తల ఊపాను. అప్పుడు వెళ్ళింది.

ఆదివారం గెనుటే రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఆవిడ కిటికీ తెర కదలడం మాత్రం కనబడుతుంటుంది. ఆవిడ కప్పు తీసి లోపల పెట్టేశాను. అయినా ఒక్కదానికి కాఫీ కాచడం ఇంకా చేతకావడం లేదు, ప్రతిసారీ ఎక్కువే అవుతుంది.