గడప దగ్గరే ఆగిన బూట్లు

ఎదిగే పిల్ల గదా అని మా అత్త పెంచలమ్మ పెద్ద సైజు చెప్పులు కొనింది. అవి జారిపోతుంటే విసిరేసి, నా నాలుగేళ్ల కూతురు నవ్యశ్రీ వట్టి కాళ్లతో మేకల వెంట పరుగెత్తింది. మడమలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. అది మానేదాకా నాకు కంటి మీద కునుకు లేదు. ఈసారి పాదానికి సరిపోయే బూట్లే కొనాలని పంతం పట్టి, ఇద్దరినీ ఉదయగిరిలో బస్సెక్కించి ఆత్మకూరు తీసుకెళ్లాను.

దుకాణం గడప దగ్గర మా అత్త అలవాటుగా చెప్పులు విడిచింది. "పర్లేదమ్మా, ఏసుకోనే రాండి" అని యజమాని సైమన్ అన్నా వినలేదు.

సైమన్ పిల్లకు ఎర్ర బూట్లు తొడిగాడు. నొక్కి చూశాను. వేళ్ల ముందు కాస్త చోటుంది, మడమ పట్టుగా ఉంది. నడవమన్నాను. నవ్య తిన్నగా గడప దగ్గరికి నడిచి, బూట్లు విప్పి, అవ్వ చెప్పుల పక్కన బుద్ధిగా పెట్టి తిరిగొచ్చింది.

"లోపల ఏసుకోకూడదు. అవ్వ తిడతాది."

నీలం రంగువి తొడిగాం. అవీ గడపకే చేరాయి. లైట్లు వెలిగేవీ అంతే. గడప నిండిపోయింది. రోడ్డున పోతున్న ఇద్దరు ఆడవాళ్లు అది చూసి, లోపల పూజేదో జరుగుతోందనుకుని చెప్పులు విడిచి వచ్చేశారు.

"ప్రసాదం యాడ పెడతాండారు?"

సైమన్ తల పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అత్తా, నువ్వు నేర్పిన బుద్ధే ఇది! ఇప్పుడు నువ్వే ఏయించు!"

ఊహ తెలిశాక గడప లోపల చెప్పు పెట్టని మనిషి మా అత్త. ఒకసారి మరిచిపోయి నేను పెట్టినందుకు ఊరంతా వినేలా తిట్టింది. ఇప్పుడు మనవరాలి మడమ మీది మచ్చ వైపు చూసింది.

"సైమనూ, నా కాళ్లకి పట్టే బూట్లుండాయా?"

పైకి చూసి దండం పెట్టుకుని, తెల్ల బూట్లు తొడుక్కుని, దుకాణం నడిమధ్యకు వచ్చి నిలబడింది.

నవ్య నోరు తెరిచింది. "అవ్వా! తప్పు!"

"తప్పే! రా బంగారూ, ఇద్దరం చేస్తాం!"

చీర ఎగదోపి ఎగిరింది. నవ్య కేకపెట్టి గడప దగ్గరికి ఉరికి, ఎర్ర బూట్లు తొడుక్కుని తనూ ఎగిరింది. బూట్ల పెట్టెల మధ్య ఇద్దరూ ఒకటే పరుగు. పెట్టెలు కూలాయి. ప్రసాదం కోసం వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. పెళ్లయినప్పటి నుంచి నేను భయపడుతూ వచ్చిన మనిషిని ఆ క్షణాన వాటేసుకోవాలనిపించింది.

"మడమ జారిందా?" నవ్య బూట్ల వైపే చూస్తూ అరిచాను.

"జారలా మే, గెట్టిగా ఉండాది!" అంటూ మా అత్త తన కాలెత్తి చూపించింది.