చప్పుడు లేని వెలుగు

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది ముగ్గురే: నులక మంచం అల్లుతున్న లాజరు, సంచి సర్దుతున్న అతని భార్య జోజమ్మ, స్కూలు యూనిఫారంలో మనవరాలు షైని. షైని అమ్మానాన్నలు అప్పటికే పత్తి తీయడానికి వెళ్లిపోయారు.

లాజరు నులకను పట్టె మీదుగా లాగి, ముడి బిగించి, వేళ్లతో వరస తడిమాడు. బొటనవేలి మీద చర్మం కాయకట్టి నల్లగా మెరుస్తోంది. కుర్రతనంలో అతనికి రేచీకటి అన్నారు. తర్వాత పగలూ మసకబారిపోయింది. అయినా తిరువూరులో అతను అల్లిన మంచం లేని వీధి లేదు.

ఇవాళ హైదరాబాదు ప్రయాణం. అక్కడి కంటి ఆసుపత్రిలో మూలకణాల నుంచి పెంచిన కొత్త కణాలను కంటి వెనక పొరలో పెట్టి చూస్తున్నారు. ఇది ఇంకా ప్రయోగమేననీ, చూపు వస్తుందని మాట ఇవ్వలేమనీ డాక్టరు ఫోనులోనే చెప్పాడు. పైగా వెలుగు కాస్తయినా తెలిసేవాళ్లనే తీసుకుంటారట. అందుకే జోజమ్మ రోజూ కిటికీలు మూసి టార్చితో పరీక్ష పెడుతోంది.

టక్.

"వెలిగింది," అన్నాడు లాజరు.

టక్.

"ఆరింది."

"చూశావటే షైనీ! మీ తాత పాసు!"

షైని మెల్లగా అంది. "తాత వినేది ఆ టక్కుమనే చప్పుడే, నానమ్మా."

లాజరు చేతిలో నులక సడలింది. ఆ అనుమానం అతనికీ ఉంది. పైకి అనడానికే భయం.

"అయితే నువ్వు పెట్టమ్మా," అన్నాడు.

షైని టార్చి ముందే వెలిగించి, అరచేత్తో మూసి, అతని ఎదుట నిలబడింది. చెయ్యి తీసింది. లాజరు పలకలేదు. షైని టార్చిని కొంచెం కొంచెంగా అతని ఎడమ చెవి వైపు జరిపింది.

"ఆగాగు! ఈ పక్క... పాలు ఒలికినట్టుంది! ఇప్పుడు మూసేశావు. అదిగో, మళ్లీ తీశావు!"

"అవును తాతా! అవును!" షైని గంతులేసింది.

జోజమ్మ సంచి మీదే కూలబడింది. "ప్రభువా! నా నల్ల జుట్టప్పటి మొహమే నీకు గుర్తు. ఇప్పుడు చూసి జడుసుకునేవు!"

"రోజూ నీ గొంతు విని జడవట్లేదా, కొత్తగా మొహం చూసి జడిసేదేంటి?"

బయట, హైదరాబాదుకు మాట్లాడుకున్న ప్రభుదాసు కారు హారన్ మోగింది. షైని టార్చిని మంచం మీద పడేసి, తాత చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడకతో తీసుకెళ్లింది. సంచితో ఎక్కి కూర్చున్న నానమ్మ పక్కన తానూ ఎక్కబోయింది.

"నీకూ పరీక్షలున్నాయి. స్కూలుకి పో," అన్నాడు లాజరు నవ్వుతూ. "ఆ మంచం ఎవర్నీ ముట్టనివ్వకు. మిగతా సగం వచ్చి, చూసుకుంటూ అల్లుతాను."

తడుముకుని, కారు తలుపు తనే లాగి వేసేశాడు.

కిటికీలు మూసిన గదిలో, సగం అల్లిన మంచం మీద, టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.